బ్రహ్మచారి పెలాంథుని వంశం

పూర్వం వరుణదేవుడు యవనదేశపు తీరాలను స్వయంగా పాలిస్తున్న కాలంలో, కలిథేరమనే పురంలో పెలాంథీయులనే అరవై కుటుంబాలవారు, సర్పసంహారి, వీరాగ్రణి అయిన పెలాంథుడు తమ మూలపురుషుడని చాటుకుంటూ, ఆ పేరుమీదనే రాజసభలో ఆసనాలు అధిష్ఠించి ఉండేవారు. ఏటా వసంతంలో వారి కులవృద్ధుడు ఆ వీరుని సమాధివద్ద నిలిచి, తనతో మొదలుపెట్టి పెలాంథునివరకు పద్నాలుగు తరాల పేర్లు తడబడకుండా చదివి, సమాధిలోకి దించిన మట్టిగొట్టంలో తేనె కలిపిన నీరు పోసేవాడు. పెలాంథుడు పద్దెనిమిదో ఏట, వివాహం కాకుండానే, మహాసర్పాన్ని చంపి దాని విషానికి బలి అయ్యాడని ఆ పురంలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అటువంటివాడికి అరవై ఇళ్ల సంతానం ఎలా కలిగిందని మాత్రం ఎవరూ అడగలేదు. పెద్దింటివారిని అటువంటివి అడిగి బతికేదెవరు?

ఒక ఏడు పురంలోని ఊటలన్నీ ఎండిపోయి, పశువులు కూలి, మనుషులు మంచాలు పట్టారు. వరుణుని అర్చకురాలు, సత్యవాదిని అయిన మిర్తో ధ్యానించి, "పెలాంథుడు దాహంతో ఉన్నాడు. ఆయనకు నీరందితే గాని మీకు అందదు" అని పలికింది.

కులవృద్ధుడైన తిమాంద్రుడు, ఎనభై ఏళ్లవాడు, మిగిలిన కాసిని నీళ్లు తెచ్చి, పేర్లు చదివి పోయగా గొట్టం నిండి పొర్లిందే గాని చుక్కయినా లోపలికి దిగలేదు.

"ఆర్యా, పెలాంథుని కుమారుడని ఒక పేరు చదివావే, ఆయన తల్లి ఎవరు?" అని మిర్తో అడిగింది.

"పెదనాన్నా, ఊరుకోండి. మనవాళ్లందరి గౌరవం మంటగలుస్తుంది" అని తిమాంద్రుని తమ్ముని కొడుకు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ వృద్ధుడు చేయి విడిపించుకున్నాడు. ఆయనకు సిగ్గువేసింది, భయమూ వేసింది.

"తల్లీ, ఆయనకు తల్లి లేదు. ఆయనే లేడు. ఆ పేరు మా ముత్తాతలు చేర్చారు. మేము ద్వీపాంతరం నుంచి తెడ్లు వేసుకుంటూ వచ్చినవాళ్లం. ఈ మహావీరునికి ఏమీ కాము. దాహమన్నారు గనుక పోస్తున్నాను" అంటూ కలశంలో మిగిలిన దోసెడు నీళ్లూ వంచాడు. ఈసారి నీరు గటగటా దిగిపోయింది.

తేజోమయుడై పెలాంథుడు ప్రత్యక్షమై, "ఇన్నేళ్లు నాకు లేని కొడుకు పేరున పోసిన నీరు ఆ లేనివాడికే పోయింది. నేటికి నాకు అందింది. వరుణుడు మీ ఊటలకు మళ్లీ నీరు విడిచాడు. నీకై ఏదైనా కోరుకో" అన్నాడు.

తిమాంద్రుడు సాగిలపడి, "స్వామీ, మిమ్మల్ని నాయనా అని పిలవనివ్వండి" అన్నాడు.

పద్దెనిమిదేళ్ల ఆ వీరుడు ఆ నెరిసిన తలమీద చేయి ఉంచి, "అలాగే, కుమారా" అని అనుగ్రహించాడు.