తువ్వాలు వేసిన కుర్చీ

సాంబమూర్తి మాస్టారు టెన్నిస్ నేర్పేవారు. మ్యాచ్ ఉన్న రోజు పొద్దున్నే చెప్పులు విడిచి గడ్డి కోర్టులోకి వెళ్ళి, అరికాలితో తడి చూసుకుని వచ్చేవారు. ఎవరు గెలుస్తారని అడిగితే మాత్రం, గడ్డి ఇంకా ఆరలేదనేవారు. మిట్టమధ్యాహ్నం అడిగినా అదే మాట.

ఆయన దగ్గర కోచింగ్ నేర్చుకుంటున్న కిరీటికి ఇది నచ్చేది కాదు. అతను ఆటగాళ్ళ పాత మ్యాచ్‌లన్నీ చూసి ఫలితం ముందే చెప్పేవాడు. చాలాసార్లు అలాగే జరిగేది కూడా. ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"తెలిసింది చెప్పడంలో తప్పేముంది మాస్టారూ?"

ఆయన బంతుల బుట్ట తీసుకుని కోర్టులోకి నడిచారు.

ఆ వారమే సముద్రం పక్కనున్న పాత క్లబ్బులో ప్రొఫెషనల్ టోర్నమెంటు జరిగింది. మాస్టారి శిష్యురాలు హిమజ రెండో రౌండుకు వచ్చింది. ఆమె తండ్రి దాలినాయుడు సరుకు ఓడల్లో ఇంజను గదిలో పనిచేస్తాడు. తల్లి లేని పిల్లను చిన్నప్పుడే హాస్టల్లో ఉంచి, ఏ రేవులో ఉంటే అక్కడి నుంచి ఫోన్ చేస్తూ పెంచాడు. తిన్నావా, మోకాలికి పట్టీ వేసుకున్నావా, చెమట ఆరకుండా చన్నీళ్ళు పోసుకోలేదు కదా అని అడిగిందే అడిగేవాడు. కూతురి మ్యాచ్ ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. ఈసారి సెలవు దొరికింది. హిమజ ముందు వరుసలో ఒక కుర్చీ మీద, బస్సులో సీటు ఆపినట్టు, తన తువ్వాలు వేసి, అది మా నాన్నదని అందరికీ చెప్పింది.

మ్యాచ్‌కి ముందు దాలినాయుడు కిరీటిని పక్కకు పిలిచి, అమ్మాయి గెలుస్తుందా అని అడిగాడు. కిరీటి తనకు తోచింది దాచకుండా చెప్పాడు. అవతలి అమ్మాయి బంతిని కింది నుంచి కోసినట్టు స్లైస్ కొడుతుంది, ఈ తడి గడ్డి మీద అది మోకాలెత్తు కూడా లేవదు, హిమజ అంత కిందికి వంగలేదు. రెండు సెట్లలో అయిపోతుంది.

దాలినాయుడు ముందు వరుసలోని తువ్వాలు వైపు చూశాడు.

"అయితే నేను ఎదురుగా కూర్చోను బాబూ. ఓడిపోయిన బాధ దానికి చాలదా? నాన్న చూస్తుండగా ఓడిపోయాననేది ఇంకోటి ఎందుకు?"

అలా అని కోర్టు వెనక గుబురుగా పెంచిన మొక్కల కంచె అవతలికి వెళ్ళిపోయాడు. కిరీటికి అది సబబుగానే తోచింది.

హిమజ రెండు సెట్లలోనే ఓడిపోయింది. మొదటి సెట్టు చివరిదాకా వచ్చి చేజారింది. అవతలి అమ్మాయితో చెయ్యి కలిపి, తువ్వాలు తీసుకోకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

తాను అన్నట్టే జరిగిందని కిరీటి మాస్టారితో అన్నాడు. సర్వీసు చేసేముందు ప్రతిసారీ పిల్ల ఎటు చూసిందో గమనించావా అని ఆయన అడిగారు. కిరీటి అప్పుడు చూశాడు తువ్వాలు వేసిన ఖాళీ కుర్చీ వైపు. నాయుడు గారు ఏమడిగారో, తానేం చెప్పాడో, ఆయన ఎక్కడికి వెళ్ళారో గొంతు తగ్గించి చెప్పాడు.

మాస్టారు తువ్వాలు తీసి, మడిచి, అతని చేతిలో పెట్టి కంచె వైపు నడిచారు.

దాలినాయుడు కంచె అవతల ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. గడ్డి మీద పడిన బంతి చప్పుడు అంతదూరం రాదు. చప్పట్లు మాత్రమే వినిపిస్తాయి. వీళ్ళను చూడగానే ముందుకు వచ్చాడు. ముఖంలో ఇంకా ఆశ ఉంది.

"ఇందాక చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఎవరికి బాబూ?"

కిరీటి చేతిలోని తువ్వాలును ఇంకో మడత పెట్టాడు.

"చెప్పు నాయనా," అన్నారు మాస్టారు. "నీకు పొద్దున్నే తెలుసు కదా."