అయిదు డిగ్రీల చోటు

పాత్రుడు మాస్టారిని లెక్కల్లో సందేహం అడిగితే నోటితో జవాబు చెప్పరు. అడిగినవాళ్ల చేతే ఏదో ఒక పని చేయిస్తారు. ఆ సంగతి బాగా తెలిసి కూడా, ఆయన దగ్గర చదువుకుని బాలికల హాస్టల్లో టీచరుగా చేరిన హైమవతి, ఆయన తనను చూడవచ్చిన రోజున ఒక అట్ట తెచ్చి ముందు పెట్టింది.

మర్నాటి నుంచి దసరా సెలవులు. తీసుకెళ్లడానికి ఎవరొస్తారని ఆమె డెబ్బై ఇద్దరు పిల్లల్నీ అడిగి, గోడకు తగిలించడానికి ఆ అట్ట మీద వృత్తం గీసింది. మూడు వందల అరవై డిగ్రీలను డెబ్బై రెండుతో భాగిస్తే తలకి అయిదు. నాన్న అన్నవాళ్లు ముప్ఫై ఆరుగురు, వాళ్లది నూట ఎనభై. అమ్మకి నూట ఇరవై. అన్న వస్తాడన్న పదకొండు మందికి యాభై అయిదు. మిగిలిన అయిదూ పైడితల్లివి. ఎవరొస్తారే అంటే ఆ పిల్ల, "ఎవులొచ్చినా ఎల్తాను టీచర్" అంది.

"ఆ సన్నటి ముక్కలో అక్షరం కూడా పట్టదు మాస్టారూ. అన్న ముక్కలో కలిపేస్తే అరవై, చూడటానికి బాగుంటుంది. తప్పంటారా?"

మాస్టారు ముగ్గుపిండి తెమ్మన్నారు. వసారా మెట్ల దగ్గర మేకు కొట్టి, అయిదు డిగ్రీల కోణం కొలిచి, రెండు తాళ్లు గేటు దాకా లాగి కట్టి, వాటి వెంట ముగ్గు పోయమన్నారు. మొదట్లో రెండు గీతలూ కలిసిపోయి ఒకటే అయ్యాయి. సాయంత్రం తిరిగి ఊరికి బయల్దేరాల్సిన పెద్దాయనకి ఈ వయసులో ముగ్గులాటేమిటని హైమవతి లోపల్లోపల విసుక్కుంది. పోనుపోను గీతలు విడివడ్డాయి. వంచిన తల ఎత్తకుండా ముగ్గు పోసుకుంటూ వెళ్లి, గేటు దగ్గర రెండు చిన్న పాదాలు కనిపిస్తే ఆగింది.

పైడితల్లి. సెలవులు రేపటి నుంచయినా బట్టల సంచి ఇవాళే చంకన పెట్టుకుని నిలబడింది. రోడ్డు మీద బస్సు ఆగినప్పుడల్లా మడమలెత్తి చూస్తోంది. దిగినవాళ్లలో తనవాళ్లెవరో దానికే తెలియదు. ఎవరో ఒకరు తనకోసం దిగాలి, అంతే. ఆ ముఖంలోని ఆశ చూసేసరికి హైమవతికి, సెలవులకి వస్తున్నానని తను రాసిన ఉత్తరం చదివి ఇంటి దగ్గర తనకోసం ఎదురుచూసే అమ్మ గుర్తొచ్చింది. పిల్లకి అటొక గీత, ఇటొక గీత. సరిగ్గా ఒక మనిషి నిలబడేంత చోటు.

"కోణమేమైనా పెరిగిందా, కొలిచి చూడు" అన్నారు వెనక నుంచి మాస్టారు.

"లేదండీ. అదే అయిదు." ముగ్గుపిండి కింద పెట్టి ఆమె అడిగింది, "మరి ఈ ముక్కకి పేరేం రాయను?"

మాస్టారు పిల్ల నిలబడ్డ చోటు చూపించారు.

"అక్షరం పట్టదన్నావు. ఇప్పుడు చోటుంది. నీ పేరుకి నాలుగక్షరాలే కదమ్మా."