పొదిగే పెట్టె, పొంగిన పాలు

శిష్యులు ఏదడిగినా సూటిగా జవాబు చెప్పడం వామనరావు మాస్టారికి చేతకాదు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ రోజు హైమవతికి ఆ అలవాటు మీద ఒళ్ళు మండింది. మండదూ మరి!

మస్తానమ్మ కౌజుపిట్టల గుడ్లు పొదిగించే పెట్టెకి హైమవతి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు చేసింది, తన చేత్తో చేసిన మొదటి బోర్డు. గుడ్లకి వేడి తగ్గకుండా చూడటం దాని పని. లోపల ఎంత వేడుందో ఎప్పటికప్పుడు ల్యాప్‌టాప్‌కి కబురు పంపేలా కూడా ప్రోగ్రామ్ రాసింది. ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించి ఉంటే బంగారంలా పనిచేస్తుంది. పీకేస్తే, గోడ ప్లగ్గు నుంచి కరెంటు వస్తున్నా ఉలుకూ పలుకూ ఉండదు, బల్బు వెలగదు. చూడబోతే ల్యాప్‌టాప్ చార్జింగ్ అడుగంటింది. చార్జరేమో ఇంటి దగ్గర ఉండిపోయింది.

"రేపో మాపో పిల్లలయ్యే గుడ్లమ్మా, చల్లబడితే ఒక్కటీ దక్కదు" అంటూ మస్తానమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"నేను చూస్తుంటే పనిచేసి, చూడకపోతే ఎందుకు ఆగిపోతోంది మాస్టారూ?" అని అడిగింది హైమవతి.

"ముందు టీ పెట్టు. పాలు పొంగుకొస్తే నాకు చెప్పు" అని ఆయన అటు తిరిగి ఫోన్ అందుకున్నారు.

గుడ్లు చస్తుంటే టీ ఏమిటని ఏడుపొచ్చినా, కాదనలేక షెడ్డు మూలనున్న స్టవ్ వెలిగించింది. పాలు అంచుదాకా వచ్చాయి.

"మాస్టారూ, పాలు!"

ఆయన తిరగలేదు. మళ్ళీ పిలిచి, జవాబు కోసం అలాగే నిలబడింది. పాలు బుస్సున పొంగి స్టవ్ ఆరిపోయింది.

"అయ్యో తల్లీ, చేతికిందే ఉందిగా, కట్టెయ్యలేకపోయావా!" అంది మస్తానమ్మ.

"మాస్టారు వినలేదు కదా..." అనబోయి హైమవతి ఆగిపోయింది. ఒక్క కబురూ తప్పిపోకూడదని, అవతల ఎవరైనా అందుకునేదాకా కదలొద్దని బోర్డుకి రాసింది తనే.

పరుగున వెళ్ళి ఆ ఒక్క వరుస మార్చింది. అందుకునేవాళ్ళు లేకపోతే కబురు వదిలేసి పని చూసుకోమని రాసి, బోర్డులోకి ఎక్కించింది. అది ఎక్కిందో లేదో, ల్యాప్‌టాప్ ఆరిపోయింది. కేబుల్ పీకి, స్విచ్ కట్టి మళ్ళీ వేసింది. లోపల బల్బు వెలిగింది. మస్తానమ్మ పెట్టె అద్దానికి అరచెయ్యి ఆనించి, అది వెచ్చబడేదాకా తియ్యలేదు.

"అసలీ కబుర్లన్నీ పీకి పారేస్తాను మాస్టారూ, పీడా వదులుతుంది" అంది హైమవతి కళ్ళు తుడుచుకుంటూ.

మాస్టారు అడుగంటిన గిన్నె తోముతున్నారు. తలెత్తకుండానే అన్నారు:

"పాలు పొంగుతున్నాయని చెప్పడం తప్పని నేనన్నానా?"