రాత్రి లేని దీవిలో గిన్నెడు కషాయం

అనగనగా ఒక రాజుగారు. ఆయనకు మూడు మేడలు, ముప్పై ఏనుగులు, ముగ్గురు కొడుకులు ఉన్నారు. లేనిదల్లా ఒక్కటే, కంటిమీద కునుకు.

మొదట్నించీ లేదని కాదు. కుసుమపురం ఏలే చంద్రకేతు మహారాజు గుర్రు పెడితే కోట బురుజు మీది పావురాలు లేచిపోయేవట. అలాంటి ఆయన ఒకనాడు మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాడు. నిద్ర రాలేదు. రాత్రీ రాలేదు. మర్నాడూ రాలేదు. పరుపులు మార్చారు, వింజామరలు వీచారు, గసగసాల పాయసం తాగించారు. రాజుగారు ఎర్రబడ్డ కళ్ళతో పైకప్పు దూలాలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

చివరికి ఆస్థాన జ్యోతిష్కుడు గవ్వలు వేసి చూశాడు.

"మహాప్రభో, తమ నిద్రను దొంగలెత్తుకుపోయారు. ఏడు సముద్రాల అవతల రాత్రి లేని దీవి ఉంది. అక్కడ ఘూకనాథుడనే మాంత్రికుడు రాజుల నిద్రలు కాజేసి తన చిలకలో దాస్తాడు. వాడి ప్రాణమూ ఆ చిలకలోనే ఉంది. అది నూరేళ్ళుగా రెప్ప వేయలేదు. వేయనంత కాలం వాడికి చావు లేదు."

"అయితే దాని మెడ విరిచేస్తాను," అన్నాడు పెద్దకొడుకు ప్రచండవర్మ.

"విరిస్తే లోపలి నిద్రలన్నీ దానితోనే పోతాయి, యువరాజా. దాన్ని నిద్రపుచ్చాలి. అందుకు ఒకటే మందు, నారభంగు ఆకు కషాయం. నలభై రోజుల్లోగా అది జరగకపోతే మహారాజుగారు..." జ్యోతిష్కుడు మిగతా మాట మింగేశాడు.

భంగు అనగానే అలా చూడకండర్రా. మత్తెక్కించే భంగు వేరు. ఇది దాని జాతిదే గానీ బుద్ధిమంతురాలు. సముద్రపొడ్డున తాళ్ళు పేనేవాళ్ళు నార కోసం పెంచుకుంటారు. మత్తు లేదు, మాయ లేదు. పొద్దంతా తాడు పేని ఒళ్ళు నొచ్చినవాళ్ళు దీని ఆకు కాచుకుని తాగి హాయిగా పడుకుంటారు.

ప్రచండవర్మ గుర్రమెక్కి ఆ తాళ్ళవాళ్ళ పల్లెకు వెళ్ళాడు. అక్కడ ఎర్నమ్మవ్వ అని ఒక ముసలావిడ సంచెడు ఆకు ఇచ్చి, "కాచే పద్ధతి సెప్తాను, మూడు రోజులాగు బాబూ," అంది.

"ఆకు కాచడానికి పద్ధతొకటా?" అని అతను ఓడెక్కాడు. పది రోజులైనా తిరిగి రాలేదు.

రెండోవాడు శీఘ్రవర్మ బయల్దేరాడు. అవ్వ అదే మాట అంది. "మూడు రోజులది ఒక్క రోజులో చెప్పు," అన్నాడు. "ఒక్క రోజులో సెప్పేదైతే మూడు రోజులని ఎందుకంటాను బాబూ?" అంది అవ్వ. అతనూ ఓడెక్కాడు. మరో పది రోజులైంది. అతనూ రాలేదు.

ఇక మిగిలింది మూడోవాడు మందారవర్మ. కోటలో అందరూ మందయ్య అనేవాళ్ళు. స్నానానికి వెళితే భోజనాల వేళకి వచ్చే రకం. అతను బయల్దేరుతుంటే రాజుగారు చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు నాన్నా. ఉన్న ఒక్కడివీ నా దగ్గరే ఉండు."

"చిన్నప్పుడు మీ గుర్రు వింటూ నిద్రపోయేవాణ్ణి నాన్నగారూ. అది ఆగాక నాకూ నిద్ర లేదు," అన్నాడు మందారవర్మ. రాజుగారు చెయ్యి వదిలాడు.

తాళ్ళపల్లె పొలిమేరలో ఒక ఉడత నార చిక్కులో ఇరుక్కుని కొట్టుకుంటోంది. మందారవర్మ కూర్చుని ఒక్కొక్క పోగే విప్పుతూ పూటంతా గడిపేశాడు. ఎర్నమ్మవ్వ మనవరాలు పైడి అటు వచ్చింది.

"కత్తితో కోసెయ్యలేకపోయారా?" అంది.

"కోస్తే మీ నార పాడవుతుంది. దీని తోకా తెగుతుంది."

పైడికి నవ్వొచ్చింది. ఉడత మాత్రం అతని తలపాగాలో దూరి, "ఇక నేను నీతోనే," అంది.

అవ్వ మొదటి రోజు ఆకు కోయించి నీడన ఆరబోయించింది. "ఎండలో అయితే పూటలో ఎండుతుంది కదా అవ్వా?" అన్నాడు. "ఎండుతాది. దాంతో గుణం కూడా ఎండిపోతాది," అంది అవ్వ.

రెండో రోజు ఆరిన ఆకును పెనం మీద సన్న సెగన కదుపుతూ వెచ్చచేయించింది. పచ్చిగడ్డి వాసన పోయి వేయించిన గింజల వాసన రావాలి. నల్లబడితే పారేయాలి. రెండుసార్లు పారేశాడు.

మూడో రోజు పొయ్యి మీద కుండ పెట్టించింది. "ఈ ఆకు నీళ్ళకి లొంగదు బాబూ. నీళ్ళకి రంగిస్తాది గానీ గుణమివ్వదు. నెయ్యో వెన్నో పడాల, అప్పుడు గుణం దిగుతాది. తుకతుక ఉడకనీకు. కుండ అంచున సన్న బుడగలొస్తే సాలు. మూత తియ్యకు. తొందరపడకు."

ఆఖరిది మందారవర్మకు వేరే చెప్పక్కర్లేదు గానీ, చేయి తిరగాలి కదా. మొదటి కుండ చేదు విషం. పైడి రుచి చూసి మూడు బెల్లం ముక్కలు నోట్లో వేసుకుంది. రెండో కుండ నీళ్ళ నీళ్ళగా ఉంది. మూడోది తాగి, అరుగు మీదే కూర్చున్నపళంగా నిద్రపోయింది.

"వచ్చేసింది నీకు," అంది అవ్వ. ఆకు సంచీ, అందులోనే అల్లం, బెల్లం మూట, చిన్న పిడతలో మేకవెన్న ఇచ్చి పంపింది.

రేవులో ఓడల్లేవు, అన్నలు తీసుకుపోయారు. ముసలి తాబేలు ఒకటి ఒడ్డుకొచ్చింది. ఒకప్పుడు తాళ్ళలో చిక్కుకుంటే అవ్వ విడిపించిందట. "నేను నెమ్మదిగా వెళతాను మరి," అంది. "నేనూ అంతే," అన్నాడు మందారవర్మ.

ఉప్పు సముద్రం దాటారు. చెరుకు రసం సముద్రం దాటారు. కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నేతి సముద్రంలో తాబేలు వీపుదాకా మునిగింది. పెరుగు సముద్రం, పాల సముద్రం, మంచినీళ్ళ సముద్రం కూడా దాటేసరికి పదహారు రోజులు పట్టింది. ఇక మిగిలింది ఒక్క రోజు.

దీవిలో సూర్యుడు నడినెత్తిన మేకు కొట్టినట్టు ఉన్నాడు. మాంత్రికుడి గుమ్మానికి రెండువైపులా అన్నలిద్దరూ దీపస్తంభాలై నిలబడ్డారు. పట్టపగలు దీపాలెందుకని అడక్కండి, వాడికా మాత్రం బుద్ధుంటే మాంత్రికుడెందుకవుతాడు?

"మంట ఎగదోసి తెర్లించాను తమ్ముడూ, చిలక ఉమ్మేసింది," అన్నాడు పెద్ద స్తంభం.

"వేడినీళ్ళు పోసి గబగబా వడకట్టాను, పుక్కిలించి వదిలింది," అన్నాడు రెండో స్తంభం.

ఘూకనాథుడు గుడ్లు మిటకరిస్తూ బయటికొచ్చాడు. "మీ ఇంట్లో వాళ్ళకి వేరే పనుల్లేవా? సరే, నీళ్ళిస్తాను, నిప్పిస్తాను. ఒక్క గిన్నె. చిలక రెప్ప వేయకపోతే నువ్వు మూడో స్తంభానివి. ఆ పిడతలో ఏమిటి? వెన్నా? తిని నూరేళ్ళయింది." అంటూ వేలుపెట్టి, పిడత అడుగు దాకా నాకేశాడు.

ఆకు ఉంది, నిప్పు ఉంది, వెన్న లేదు. నాన్నకు ఒక్క రోజే ఉంది. మందారవర్మ దిగాలుగా ఒడ్డుకెళ్ళి తాబేలు పక్కన కూర్చున్నాడు. కన్నీళ్ళొచ్చాయి. లేవబోతూ తాబేలు వీపు మీద చెయ్యి ఆనిస్తే జర్రున జారింది.

"జారదా మరి," అంది తలపాగాలోంచి ఉడత. "నేను మూడు రోజులుగా అదే నాకుతున్నా."

చూస్తే తాబేలు వీపు మీద వేలెడు మందాన నెయ్యి పేరుకుని ఉంది. నేతి సముద్రంలో మునిగినప్పుడు పట్టిన నెయ్యి, ఎన్ని నీళ్ళు తగిలినా పోలేదు. నెయ్యి నీళ్ళకు లొంగుతుందా? మందారవర్మ ఏడుస్తూ నవ్వుతూ ఆల్చిప్పతో గీకాడు. పిడత నిండింది.

పొయ్యి పెట్టాడు. ఆకు వెచ్చచేశాడు. గింజల వాసన వచ్చాక నెయ్యీ నీళ్ళూ పోసి మూత పెట్టాడు. "అయిందా?" అన్నాడు మాంత్రికుడు. "ఇంకా లేదు." కాసేపాగి, "అయిందా?" అన్నాడు. "ఇంకా లేదు." మూడోసారి అడిగేటప్పటికి, బట్టలో వడకట్టి, అల్లం, బెల్లం కలిపి, గిన్నెను చెంపకు ఆనించి చూసుకున్నాడు. గోరువెచ్చగా ఉంది.

పంజరంలో చిలక ఈకలు రాలి బక్కచిక్కి ఉంది. "నాకు జోల పాడతావా? అందరూ పాడారు. రాదు," అంది.

"పాడను తల్లీ. తాగు."

మొదటి గుక్క తాగింది, రెక్కలు వాలాయి. రెండో గుక్క తాగింది, మెడ వాలింది. మూడో గుక్క తాగి ఒక కన్ను మూసింది.

"కళ్ళు తెరువు!" అని అరిచాడు ఘూకనాథుడు.

"ఉండవయ్యా," అని చిలక రెండో కన్నూ మూసేసింది.

అంతే. నూరేళ్ళ తర్వాత ఆ దీవిలో పొద్దు వాలింది. చల్లగాలి వచ్చింది. చిలక ముక్కులోంచి మిణుగురుల్లా నిద్రలు లేచి ఎవరి ఊరికి అవి వెళ్ళిపోయాయి. మాంత్రికుడు ముడతలు పడి, ముసలివాడై, గుమ్మంలోనే ఒరిగి, మళ్ళీ లేవలేదు. స్తంభాలు మనుషులయ్యాయి. "మెడ పట్టేసింది," అన్నాడు ప్రచండవర్మ. మూడు రోజులకు చిలక లేచి, "జామకాయ ఉందా?" అని అడిగింది. ఇప్పుడది మామూలు చిలక.

ముగ్గురూ ఓడలో కోటకు చేరేసరికి పావురాలు బురుజు వదిలి ఊరి చెట్లమీద కూర్చుని ఉన్నాయి. మందారవర్మకు అది చూడగానే ప్రాణం లేచొచ్చింది. మహారాణి పడకగది తలుపు దగ్గర నిలబడి పెదవి మీద వేలుంచింది.

"పడుకుని పదహారు రోజులైంది. లేపనా నాన్నా?"

"వద్దమ్మా," అన్నాడు మందారవర్మ. గడప పక్కన గోడకు చేరగిలబడి ఆ గుర్రు వింటూ తనూ నిద్రపోయాడు.

ఎన్నాళ్ళకో రాజుగారు ఆవులిస్తూ బయటికొచ్చి, కొడుకు తల మీద చెయ్యి వేశాడు. "వచ్చావా నాన్నా? ఎంతసేపైంది?"

"ఇప్పుడే నాన్నగారూ."

ఆ నెలలోనే తాళ్ళపల్లె పైడికీ అతనికీ పెళ్ళి జరిగింది. అన్నలు తామే పందిరి గుంజలు పాతారు. తాడు పేనిన చేతులతో ఆమె, తొందరపడని బుద్ధితో అతను, చాలాకాలం చల్లగా రాజ్యం ఏలారు. ఇప్పటికీ కుసుమపురంలో గుర్రు పెట్టేవాళ్ళను ఎవరూ విసుక్కోరు. పక్కవాళ్ళు దుప్పటి సర్ది, తామూ పడుకుంటారు.