పుష్పకం దిగే నేల

పురాణ కాలక్షేపంలో పుష్పక విమానం కథ విన్న రోజు నుంచి చింతగిరి రాజు రుద్రభూపతికి ఒకటే బెంగ. అది ఎప్పుడైనా తన ఊరికి వస్తే ఎక్కడ దిగుతుంది?

కోట బయట మైదానమంతా బండలు పరిపించాడు. ఆస్థాన స్థపతి సోమభట్టు పట్టపుటేనుగును ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి మీసం దువ్వాడు.

"ఏనుగునే మోసింది ప్రభూ. ఇక ఏది దిగినా చెక్కుచెదరదు."

మట్టిపని మేస్త్రి ఎల్లప్ప మాత్రం నసిగాడు. "అడుగున తడి ఆరని మెత్తమట్టి ఉంది దొరా. బండలు లేపి, ఇంకో వారం దిమ్మిస కొట్టి నేల గట్టిపరచనివ్వండి."

"శుభమా అంటూ అపశకునం పలుకుతాడేం?" అని సోమభట్టు మండిపడ్డాడు. రాజు చెప్పుడు మాటలకు లొంగే మనిషి. ఎల్లప్పను పొద్దుగూకేలోపు పెళ్ళాం బిడ్డలతో ఊరు విడిచిపొమ్మన్నాడు.

విదూషకుడు వెంగనకు ఒళ్ళు మండింది. ఎల్లప్ప నోట్లో నాలుక లేనివాడు.

"భట్టుగారూ, పుష్పకానికి ఏనుగు కాళ్ళుంటాయా, చక్రాలుంటాయా?"

"చక్రాలేనయ్యా. ఆ మాత్రం తెలియదా?"

"దిగాక ఆగుతుందా?"

"ప్రభువులు ఎక్కేదాకా ఆగుతుంది."

"అయితే ముందు తమరు రాళ్ళబండి ఎక్కి చూపించండి. నేల కుంగకపోతే ఎల్లప్ప వెంట నేనూ ఊరు విడుస్తాను."

సోమభట్టు నవ్వాడు. రాళ్ళబండి ఏనుగులో సగం బరువైనా తూగదు. దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. ఎద్దులు బండిని మైదానం నడుమకు లాగి నిలబడ్డాయి.

వెంగన తీరిగ్గా ఆకుకు సున్నం రాశాడు. కన్ను మాత్రం చక్రం మీదే ఉంది. వక్క నోట్లో వేసుకునేసరికి బండ ఫెళ్ళుమంది. చక్రం ఇరుసు దాకా దిగబడి, బండి ఒరిగి, సోమభట్టు బురదలో చతికిలబడ్డాడు.

రాజు తెల్లబోయాడు. "ఏనుగును మోసిన నేల బండిని మోయలేదేం?"

"ఏనుగుది చేటంత పాదం ప్రభూ, చక్రానిది బొటనవేలంత అంచు. పైగా అది నడిచిపోయింది, ఇది నిలబడింది." వెంగన స్థపతి వైపు తిరిగాడు. "పైన పెట్టే అడుగు, కింద ఉన్న అడుగు, రెండూ చూడాలి భట్టుగారూ. మూడో అడుగు ప్రభువులే చెప్పాలి. తమరిని ఏకవచనంలో పిలిచే చనువు నాకు లేదు."

రాజుకు క్షణం పట్టింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఎల్లప్పను అడుగు, భట్టూ!"

రాజు తన శాలువా ఎల్లప్పకు కప్పి, చేతి కంకణం వెంగనకు తొడిగాడు. సోమభట్టు బురదలోంచే గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, దిమ్మిస ఎన్నాళ్ళు కొట్టాలన్నావు?"

మైదానమంతా ఘొల్లుమంది.