ఊటగుంట పది కుటుంబాల అర్జీ

అనగనగా ఒక అడవి, ఆ అడవి చివర ఒక గుంట. దాని పేరు ఊటగుంట. ఒకప్పుడు ఆ గుంట చుట్టూ పెద్ద గూడెమే ఉండేది పిల్లలూ. దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, కౌజుపిట్టలు, ముళ్ళపందులు, ఇలా పది కుటుంబాలు అక్కడే పుట్టి అక్కడే పెరిగాయి. పొద్దున్నే నీళ్ళ దగ్గర ఎంత సందడంటే, ఒకరి మాట ఒకరికి వినిపించేది కాదు.

ఒక ఏడు పెద్ద వాన పడి గుంట కట్ట తెగింది. నీళ్ళన్నీ పోయాయి, గుంట నిండా ఒండ్రు మేట వేసింది. ఆ మరుసటి వేసవికి అదంతా ఎండి నెర్రెలు విచ్చింది. ముందు నెమళ్ళు వెళ్ళిపోయాయి. తర్వాత దుప్పులు వెళ్ళాయి. మిగతావి కూడా ఒక్కొక్కటిగా మూటలు కట్టాయి. ఆఖరుకు కుందేలు గవరయ్య కూడా పెళ్ళాం పిల్లలతో బయల్దేరాడు.

గవరయ్యకూ ఉడుము పోలయ్యకూ ఇళ్ళు పక్కపక్కనే. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఏటి ఒడ్డున నీళ్ళున్నాయి, అందరం అక్కడే ఉందాం, నువ్వూ రా బావా అని గవరయ్య బతిమాలాడు. పోలయ్య కదల్లేదు. ఉడుంపట్టు అంటే మీకు తెలుసుగా! పుట్టినచోటు వదిలిపెట్టేవాళ్ళు తనకు చుట్టాలు కారని చెప్పి ముఖం తిప్పుకున్నాడు. గవరయ్య మూట భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఊటగుంటలో పోలయ్య ఒక్కడే మిగిలాడు. పుట్ట దగ్గర చెదలు తినేవాడు, రాతి సందులో ఊరే చెమ్మ నాకేవాడు. బతకడానికి లోటు లేదు. కానీ పొద్దున్నే బొరియలోంచి బయటికి రాగానే, దుప్పులు నీళ్ళకు వెళ్తాయేమోనని అలవాటుకొద్దీ దారి పక్కకు తప్పుకునేవాడు. దుప్పులెక్కడివి? సాయంత్రం పూట గవరయ్య బొరియ ముందు కూర్చుని, ఎండ ముదిరింది బావా అనేవాడు. జవాబెక్కడిది? ఒంటరితనం అతన్ని ఆకలికంటే ఎక్కువగా బాధపెట్టేది. కానీ ఆ సంగతి తనతో తాను కూడా ఒప్పుకునేవాడు కాదు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు పొద్దున వడ్రంగి పిట్ట ఒకటి వచ్చి ఎండిన మద్దిచెట్టు మీద టకటకమని దండోరా వేసింది. పోలయ్య ఆత్రంగా పైకి చూశాడు. ఎవరైనా తనకోసం ఆ దారిన వచ్చి ఎన్నాళ్ళయిందో!

దండోరా సంగతి ఇది. అడవిలో పాడుపడిన గుంటలను బాగుచేయడానికి ఏనుగుల సభ సాయం ఇస్తుంది. పన్నెండు ఏనుగులు వచ్చి, పూడిక తీసి, కట్ట పోస్తాయి. వేసవికి మూడు గుంటలకు మాత్రమే ఆ అవకాశం. సాయం కావాలంటే పది కుటుంబాలు కలిసి అర్జీ పెట్టాలి. ఆ చోట ఉన్నవాళ్ళైనా సరే, గుంట బాగుపడితే తిరిగి వస్తామని ఒప్పుకున్నవాళ్ళైనా సరే. ఇంటికొక కాలి అచ్చు మట్టిముద్ద మీద వేసి పున్నమిలోగా ఏనుగుల రేవుకు చేర్చాలి. పని జరిగినన్నాళ్ళూ ఇంటికొకరు ఏనుగుల పక్కన నిలబడి మట్టి మోయాలి. చూసుకునేవాళ్ళు లేని గుంట రెండు వానలకే మళ్ళీ పూడిపోతుందని ఏనుగుల అనుభవం.

పోలయ్య ఎండిన గుంట వైపు చూశాడు. గుంట నిండితే అందరూ తిరిగొస్తారు. మళ్ళీ పొద్దున్నే సందడి ఉంటుంది. అతనికి కావలసింది అదొక్కటే.

"నీవాళ్ళంతా ఏటి ఒడ్డునే ఉన్నారు, ఒక్కపూట నడక. వెళ్ళి అడుగు" అంది వడ్రంగి పిట్ట.

"వదిలేసి పోయినవాళ్ళ గుమ్మం నేను తొక్కను" అన్నాడు పోలయ్య.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆపైన నీ ఇష్టం" అని పిట్ట ఎగిరిపోయింది.

పోలయ్య మూడుసార్లు ఏటి దారి పట్టాడు. మొదటిసారి మద్దిచెట్టు దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. రెండోసారి గుట్ట మలుపు దాకా వెళ్ళాడు. మూడోసారి వాగు దాటి, ఏటి చల్లగాలి ముఖానికి తగిలేదాకా వెళ్ళాడు. వాళ్ళు నవ్వితే? రామంటే? అన్నింటికంటే, తను లేకుండా వాళ్ళు సుఖంగా ఉండటం కళ్ళారా చూడాల్సివస్తే? ఆ ఆలోచన రాగానే వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం గుంట అడుగున దిగులుగా తిరుగుతుంటే పాత అడుగులు కనిపించాయి. నీళ్ళు ఇంకిపోయిన రోజుల్లో బురదలో పడి, రాతి మరుగున వాన తగలక అలాగే ఎండిపోయినవి. ఇదిగో, దుప్పి డెక్క. ఇదిగో, నెమలి మూడు వేళ్ళు. ఇవి గవరయ్యవి, వెనక కాళ్ళు పొడుగ్గా. పోలయ్య వాటి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత గోళ్ళతో మట్టిని చుట్టూ గీరి, పెళ్ళలుగా పైకి లేపాడు. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. పదోది తన అడుగు. తను ఒక్క అబద్ధం కూడా ఆడటం లేదని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. అడుగులు వాళ్ళవే కదా!

మోదుగాకుల్లో చుట్టుకుని, మూడు దఫాలుగా మోసుకెళ్ళి, వాటిని ఏనుగుల రేవుకు చేర్చాడు. అక్కడ అర్జీలు చూసే పెద్ద ఏనుగు పేరు భద్రమ్మ. వయసు మీదపడి ఆమె చూపు మందగించింది. తొండంతో ఒక్కొక్క అచ్చునూ తడిమి చూసింది.

"పది కుటుంబాలూ కలిసే ఉన్నారన్నమాట. సంతోషం పోలయ్యా. అందరూ బాగున్నారా?" అని అడిగింది.

"బాగున్నారమ్మా" అన్నాడు పోలయ్య.

అర్జీ మంజూరైంది. వారం తిరగకుండా పన్నెండు ఏనుగులు ఊటగుంటకు వచ్చాయి. మీవాళ్ళను పిలువు, పని మొదలుపెడదాం అంది భద్రమ్మ. మేతకు వెళ్ళారమ్మా అన్నాడు పోలయ్య. ఏనుగులు ఆ రోజంతా చెట్ల నీడన నిలబడ్డాయి. రెండో రోజు మళ్ళీ అడిగితే, నెమలిగారింట్లో పెళ్ళి, అంతా అక్కడున్నారమ్మా అన్నాడు. మొదటి రోజే ఏటికి పరుగెత్తి ఉంటే ఎంత బాగుండేది! కానీ పరుగెత్తాలంటే ముందు నిజం ఒప్పుకోవాలి. అది అతనికి చేతకాలేదు. ఒక అబద్ధాన్ని కాపాడటానికి ఇంకొకటి ఆడుతూ కూర్చున్నాడు.

మూడో రోజు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. తలవంచుకుని నిలబడ్డాడు. భద్రమ్మ బొరియల దగ్గరికి వెళ్ళి తొండం పెట్టి వాసన చూసింది. అన్నింట్లోనూ సాలెగూళ్ళే. ఆమెకు కోపం రాలేదు, అదే పోలయ్యకు ఇంకా కష్టమనిపించింది.

"ఒంటరివాణ్ణి, సాయం చేయండని వచ్చి ఉంటే, వాళ్ళను పిలవడానికి నేనే నీతో నడిచేదాన్ని" అంది భద్రమ్మ. "ఇప్పుడు నా చేతుల్లో లేదు పోలయ్యా. అబద్ధపు అర్జీకి పని చేస్తే, నిజం చెప్పి వరుసలో నిలబడ్డవాళ్ళకు ఏం చెప్పను? పున్నమి గడువూ దాటింది, వానలలోపు వాళ్ళ గుంట పూర్తి చేయాలి."

మట్టిపెళ్ళలు పదీ కట్ట మీద పెట్టేసి ఏనుగులు వెళ్ళిపోయాయి. పన్నెండు ఏనుగుల అడుగుల చప్పుడు సద్దుమణిగాక ఊటగుంట మునుపటికంటే నిశ్శబ్దంగా అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం గుట్ట మలుపులో దుమ్ము రేగింది. పోలయ్య తల ఎత్తి చూశాడు. ముందు గవరయ్య, వెనక దుప్పులు, నెమళ్ళు, ముళ్ళపందులు. తొమ్మిది కుటుంబాలూ పిల్లాజెల్లాతో వస్తున్నాయి. ఊటగుంటకు పది కుటుంబాల పేరున ఏనుగులు వచ్చాయని వడ్రంగి పిట్ట చెబితే, పోలయ్య తమను మరిచిపోలేదనుకుని విన్న గంటకే బయల్దేరారట.

"ఏవి బావా ఏనుగులు?" అని గవరయ్య రొప్పుతూ అడిగాడు.

పోలయ్య జరిగిందంతా చెప్పాడు. ఈసారి ఏమీ దాచలేదు. గవరయ్య కట్ట దగ్గరికి నడిచి, తన అచ్చు ఉన్న పెళ్ళను వెతికి చేతిలోకి తీసుకున్నాడు.

"దండోరా మేమూ విన్నాం. నువ్వొచ్చి పిలుస్తావని మా ఇంటిది, నీ చెల్లెలు, రోజూ ఊటగుంట దారి కేసి చూసింది. మేం వెళ్ళేటప్పుడు చుట్టాలమే కాదన్నావు కదా, పిలవకుండా ఎలా వస్తాం? నువ్వొచ్చి నాలుగు తిట్టినా లేచి వచ్చేవాళ్ళం" అన్నాడు. పెళ్ళను చేతిలో తిప్పుతూ నెమ్మదిగా అడిగాడు. "నా కాలి అచ్చు నీకు పనికొచ్చింది. నేను పనికిరాలేదా బావా?"

వాళ్ళు రారేమోనని పోలయ్య భయపడ్డాడు గాని, అడక్కుండా కూర్చుంది తానేనని ఆ క్షణంలోనే తెలిసింది. ఆ తెలియడం ఎంత ఆలస్యమో కూడా అప్పుడే తెలిసింది.

కుందేలు పిల్లలు దాహమని ఏడుపు మొదలుపెట్టాయి. గుంటలో చుక్క నీరు లేదు. రాతి సందులోని చెమ్మ ఇద్దరు పిల్లల నాలుకలకే చాలలేదు. పొద్దు వాలకముందే ఏరు చేరాలని అందరూ వెనుదిరిగారు.

"వచ్చే వేసవికి పిలిస్తే వస్తారా?" అని పోలయ్య వెనకనుంచి అడిగాడు.

గవరయ్య ఆగాడు. "పిలిచి చూడు" అన్నాడు. పిల్లల్ని తోలుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కట్ట తెగిన గుంటలో నీరు నిలవలేదు, ఉన్న పల్లం కూడా మేట వేసి నేలతో కలిసిపోయింది. ఇక అక్కడ బాగుచేయడానికి గుంటంటూ మిగల్లేదు. పోలయ్య ఆ వానలోనే తడుస్తూ ఏటి దారిన నడిచాడు. ఈసారి వెనక్కి తిరగలేదు. పిలవడానికి చోటు లేదు కాబట్టి, నన్ను మీలో కలుపుకోండని అడగడానికి వెళ్ళాడు.

నీతి: మనవాళ్ళ పేర్లు వాడుకోవడం కాదు, మనవాళ్ళను నోరారా పిలవాలి, అభిమానం అడ్డొచ్చి అడగనివాడికి దొరికిన సాయం కూడా దక్కదు.