దప్పికేశ్వరుడి జెముడు తోట

పూర్వం, వానమబ్బు దారి తప్పితే తప్ప రాని ఒక ఎర్రరాతి సీమలో, గుట్ట మీద చిన్న శివాలయమూ, దాని పక్కన బండల నడుమ నీరు ఊరే ఒక దొనా ఉండేవి. గుట్ట కింది నలభై గడపల ఊరు ఆ దొన నీరు తాగే బతికేది. ఆ సీమనేలే పాలెగాడు చెన్నరాయుడు గొప్ప శివభక్తుడు. శివుడు అభిషేకప్రియుడని పెద్దలు చెప్పగా విని, ఆలయం చుట్టూ నందివర్ధనాలూ మల్లెలూ నాటించి, ప్రతిదినం ముప్పై కుండల నీరు స్వామికీ ఆయన తోటకూ పోసిన తరువాతనే ఊరివారు కడవ ముంచాలని కట్టడి చేశాడు. ఆ నీళ్లు మోసే పనీ, పూలు కట్టే పనీ తరతరాలుగా గురవమ్మ ఇంటివి.

గురవమ్మకు మొక్కలంటే ప్రాణం. ఆకు వాడితే తన గొంతే ఎండినట్టు విలవిల్లాడేది. ఆమె పోసే పోతకు గుంజ పాతినా చిగురిస్తుందని ఊళ్లో ఎగతాళి చేసేవారు.

అట్లా ఉండగా మూడేళ్లు వరసగా వాన మొహం చాటేసింది. దొన అడుగంటింది. తోటకు ముప్పై కుండలు పోయగా ఊరికి మిగిలేది ఇంటికి చెంబెడు. దొర మాటకు ఎదురాడే గుండె ఎవరికీ లేక, జనం ఒక్కొక్కరే మూటలు సర్దుకోసాగారు. ఒక ఉదయం గురవమ్మ మల్లెపాదుకు నీళ్లు పోసి వెనుదిరిగి చూస్తే, గొర్రెలకాపరి ఇంటి కోడలు బయ్యక్క ఆ పాదులోని తడి బురదను కొంగున కట్టి, పిండి, రాలిన నాలుగు చుక్కలను చంకలోని బిడ్డ నోట వేస్తోంది. గురవమ్మ ఆమెను అదిలించలేదు. సిగ్గుతో తల వంచుకుని, చేతిలోని కుండను ఆమె ముందు పెట్టింది. ఆనాటి నుంచి ముప్పై కుండలూ ఊరి గడపలకే వెళ్లాయి.

పక్షం తిరిగేసరికి తోట మాడిపోయింది. ఆ పనికి దొర ఇచ్చిన మాన్యం పోతుందని ఆమె బెంగపడలేదు. శివరాత్రికి దొర స్వయంగా వచ్చి తోటపూలతో పూజ చేయించడం ఆనవాయితీ. నాలుగు నెలల్లో ఆ దినం వస్తుంది, ఆనాడు పువ్వు లేకపోతే కుండలు మళ్లీ తోటకే మళ్లుతాయి, ఊరు ఖాళీ అవుతుంది. అదీ ఆమె దిగులు.

ఆ దిగులుతోనే తిరుగుతూ, గుట్ట వెనుక బండ చీలికలో జానెడు జెముడు పచ్చగా నిలిచి ఉండడం చూసింది. ఒక కొమ్మ తుంచి తెచ్చి, పాలు కారుతుండగానే పాదులో నాటి, అలవాటు చావక తన వాటా చెంబులో సగం దానికే పోసింది. వారానికల్లా అది కుళ్లిపోయింది. మళ్లీ తెచ్చి నాటింది, మళ్లీ పోసింది, అదీ కుళ్లింది. మూడోసారి తుంచిన ముక్కను గుడి గూట్లో పెట్టిందే గాని, జ్వరం తగిలి మంచాన పడింది. తొమ్మిదో నాడు లేచి వచ్చి చూస్తే, తుంచిన చోటు ఆరి గట్టిపడి, మన్నూ నీరూ లేకుండానే దాని అంచున సన్నని వేరు తొంగిచూస్తోంది. ఇన్నాళ్లూ మొక్కను చంపింది తన ప్రేమేనని తెలిసి గురవమ్మ ఏడుస్తూనే నవ్వింది. తోటంతా అట్లా ఆరబెట్టిన ముక్కలే నాటి, చేతులు కట్టుకుని కూర్చుంది. కుండలు మోయడం కన్నా పోయకుండా ఉండడమే ఆమెకు కష్టమైంది.

ముల్లూ విషపు పాలూ ఉన్న మొక్క పూజకు పనికిరాదని అర్చకుడు శంభయ్య అభ్యంతరం చెప్పాడు.

"ఉమ్మెత్తలో విసం లేదా సామీ, జిల్లేడుకు పాలు లేవా? గరళం మింగినాయనకు ఇదొక లెక్కా?" అన్నది గురవమ్మ. శంభయ్య నవ్వి ఒప్పుకున్నాడు.

శివరాత్రి నాటికి ప్రతి జెముడు మొన మీదా గోరంత ఎర్రపూలు విచ్చాయి. పల్లకి దిగిన చెన్నరాయుడు ఆ ముళ్లతోటను చూసి నివ్వెరపోయి, నీళ్లేమయ్యాయని అడిగాడు.

"ఊరు తాగింది దొరా," అన్నది ఆమె. "నేనే పోసినాను."

స్వామి సొత్తు మనుషులు తాగడం శివాపచారమనీ, దోషం పోవాలంటే దొన అడుగు కనబడేదాకా తోడి అభిషేకించాలనీ ఆజ్ఞాపించి, మొదటి కలశం దొర తానే ఎత్తాడు. గురవమ్మ ఒక జెముడు పువ్వును లింగం మీద ఉంచి మొక్కింది. నీరు ధారగా పడింది. అయినా లింగం తడవలేదు, పువ్వు చెమ్మగిల్లలేదు, పానవట్టంలో చుక్క నిలవలేదు. రెండో కలశమూ అంతే. మూడోది ఎత్తేలోగా బయ్యక్క దొన వద్ద నుంచి రొప్పుతూ వచ్చి, తోడుతున్న కొద్దీ నీరు పైకి వస్తోందని చెప్పింది. దొర వెళ్లి కళ్లారా చూశాడు. తిరిగి వచ్చి, కలశం కింద పెట్టి, గురవమ్మకు చేతులు జోడించాడు.

"దప్పిక తానుంచుకుని నీళ్లు మీకిచ్చినాడమ్మా ఈయన. నాకే తెలియకపాయ," అన్నాడు. ఆ పూటే కట్టడి ఎత్తివేశాడు. మూటలు విప్పుకున్న ఊరు మరి కదలలేదు.

నాటి నుంచి ఆ స్వామి దప్పికేశ్వరుడు, ఊరు దప్పికయ్యపల్లె. నేటికీ అక్కడి లింగం పొడిగానే ఉంటుంది, పానవట్టానికి పాచి పట్టదు. ఆ ఊరివారు జెముడు ముక్కను తొమ్మిది దినాలు గూట్లో ఉంచి గాని నాటరు, నాటాక నీరు పోయరు. అభిషేకానికి తెచ్చిన నీటిని మెట్ల మీద దప్పిగొన్నవారికి తాగిస్తారు. శివరాత్రినాడు మాత్రం మొదటి కలశం ఒక చంటిబిడ్డది. బిడ్డ కడుపు నిండి మొహం పక్కకు తిప్పుకున్నాకే ఆ గుడిలో గంట మోగుతుంది.